పటము వెనుక పేరు

(పాణ్యంలో జరిగిన సంఘ సభ్యుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



పాత ఫొటోలను, పెద్దల జ్ఞాపకములను ఆధారము చేసుకొని మన ప్రాంతపు గతమును గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్ములను కోరినారు. మేము చరిత్ర పండితులము కాము. వేదాంత కళాశాలలో సంఘ చరిత్ర చదువుకొన్నాము గాని, అందులో పాణ్యం లేదు, మన పల్లెలు లేవు. అయితే సంఘ కాపరులుగా ఇంటింటికి వెళ్ళడము మా పని. ఏ ఇంట్లో అడుగు పెట్టినా గోడ మీది పటములే ముందుగా పలుకరిస్తాయి. కొంత కాలముగా మేము, సంఘములోని కొందరు యువకులు కలిసి ఆ పటములలో ఉన్న వారెవరని అడిగి వ్రాసుకొంటున్నాము. ఈ పనిలో మాకు తెలిసివచ్చినది ఒక్కటే. ఫొటో తనంతట తాను మాట్లాడదు. ప్రక్కన కూర్చుని "ఈయన ఫలానా, ఈమె ఫలానా" అని చెప్పే మనిషి ఉంటేనే మాట్లాడుతుంది. అట్లా చెప్పగలవారు మన మధ్య ఏటేటా తగ్గిపోతున్నారు. ఈ సాయంకాలము మేము చెప్పదలచినది ఇంతే. మిగిలినది దీని వివరణ.

మొదట మన ఊరి రాతిని గురించి ఒక మాట. పాణ్యం పేరు మనము అనుకొన్న దానికంటె చాలా దూరము పోయినది. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1872లో కడప, కర్నూలు ప్రాంతపు రాతి పొరలను గురించి ఒక గ్రంథము ప్రచురించినాడు. అందులో ఒక పొరకు మన ఊరి పేరు పెట్టినాడు. ఔకు, కోయిలకుంట్ల, నంద్యాల పేర్లతో కూడ పొరలున్నవి. భూగర్భ శాస్త్రము చదివేవారు నేటికీ పాణ్యం క్వార్ట్‌జైటు అని నేర్చుకొంటారు. మనము ఇళ్ళకు, గోడలకు వాడుకొన్న రాళ్ళకు శాస్త్రములో పేర్లున్నవి. ఆ రాళ్ళను మోసిన వారి పేర్లు ఎక్కడా లేవు.

మనకు దగ్గరనే, బేతంచెర్ల వైపు బిల్లసర్గం గుహలున్నవి. 1840లలో న్యూబోల్డు అనే సైనికాధికారి వాటిని గురించి వ్రాసినాడు. 1884–85లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ అక్కడ త్రవ్వించి ఎన్నో జంతువుల ఎముకలు వెలికి తీసినారు. వారు ఎముకలను సంచులలో కుమ్మరించుకొని పోలేదు. ఏది ఏ పొరలో దొరికినదో వ్రాసి ఉంచినారు. అందువలననే ఆ ఎముకలు ఈనాటికీ శాస్త్రమునకు పనికి వస్తున్నవి. ఏ పొరలోనిదో తెలియని ఎముకతో ఏమి చెప్పగలము? మన ట్రంకు పెట్టెల అడుగున పడి ఉన్న ఫొటోల సంగతి కూడ అంతే. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది తెలియకపోతే రెండు తరముల తరువాత అది వట్టి అట్ట ముక్క.

పేరు లేని ఫొటో ఎంత బాధాకరమో చెప్పడానికి మన జిల్లా చరిత్రలోనే ఒక పెద్ద ఉదాహరణ ఉన్నది. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు వచ్చినది. అది ధాత నామ సంవత్సరములో మొదలైనది గనుక మన పెద్దలు దానిని ధాత కరువు అన్నారు. బళ్ళారి, కర్నూలు, కడప సీమలు బాగా దెబ్బతిన్నవి. 1871 జనాభా లెక్కలలో 9 లక్షలు దాటి ఉన్న కర్నూలు జిల్లా, 1881 లెక్కల నాటికి 7 లక్షల లోపుకు పడిపోయినది. ఆ కరువులో విలోబీ వాలేస్ హూపర్ అనే సైనికాధికారి, ఆకలికి ఎముకల గూడులైన మనుషులను వరుసగా కూర్చోబెట్టి ఫొటోలు తీసినాడు. తల్లులు, పసిబిడ్డలు, ముసలివారు. ఆ పటములు లండను వరకు పోయినవి. వాటిని చూచి చందాలు ఇచ్చినవారున్నారు. ఈ మనుషులకు తీసినవాడు అన్నమేమైనా పెట్టినాడా అని ఆనాడే ప్రశ్నించినవారూ ఉన్నారు. ఇదే హూపర్ 1886లో మాండలేలో మరణశిక్ష అమలును ఫొటో తీసినందుకు విచారణకు గురైనాడు.

ఆ కరువు పటములను మేమును చూచినాము. ఒక్కరి పేరు కూడ లేదు. ఏ ఊరివారో లేదు. వారిలో మన తాతముత్తాతల తోబుట్టువులు ఉండవచ్చును, లేకపోవచ్చును. అడుగుదామంటే చెప్పేవారు లేరు. ఆనాడు ప్రక్కన ఒకడు పలక పట్టుకొని "అమ్మా, నీ పేరేమి, నీ ఊరేది" అని అడిగి ఉంటే, కొన్ని కుటుంబములకైనా తమ వారు దొరికి ఉండేవారు. ఫొటో తీయడానికి పెద్ద పెట్టె, గాజు పలకలు, మందులు, నేర్పు అన్నీ కావలసి వచ్చినవి. పేరు అడగడానికి ఏమియు అక్కరలేదు. అయినా ఆ పని జరుగలేదు.

ఇక మన మిషను పటముల వద్దకు వద్దాము. నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు, గిద్దలూరు కేంద్రములుగా ఎస్.పి.జి. మిషను పని సాగిన రోజులవి. ఆ కాలపు గ్రూపు ఫొటో ఏది చూచినా ఒకటే వరుస. నడుమ కుర్చీలలో దొరగారు, దొరసానిగారు. వారికి ఇరుప్రక్కల మన గురువులు. వెనుక వరుసలో తలపాగాలతో ఉపదేశులు, ఉపాధ్యాయులు. క్రింద నేల మీద బోర్డింగు పిల్లలు. ఒక చివర బైబిలు స్త్రీలు. క్రింద అట్ట మీద దొరగారి పేరు ఉంటుంది, ఊరు పేరు ఉంటుంది. మిగిలిన వారందరు కలిసి "స్వదేశ క్రైస్తవులు" అనే ఒక్క మాటలో ఇమిడిపోతారు.

దొరల మీద నేరము మోపడానికి ఈ మాట అనడము లేదు. వారి ఉత్తరములు చదివేది స్వదేశములోని చందాదారులు. వారికి తెలిసిన పేరు వారు వ్రాసినారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయకము శామ్యేలు అజరయ్యగారు బిషప్పుగా అభిషిక్తులైనారు. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడాయన. ఆయన పటము క్రింద ఆయన పేరున్నది. అయితే ఎండలో వానలో పల్లె పల్లెకు నడిచిన ఉపదేశి పేరు, రాత్రి బడిలో అక్షరములు దిద్దించిన పంతులు పేరు ఎవరు వ్రాయాలి? అది మన పని. మన పెద్దలకే అది తెలుసు.

ఒక ఇంట్లో అటువంటి బోర్డింగు ఫొటో ఒకటి అవ్వగారికి చూపించినాము. మేము నడుమ ఉన్న కుర్చీల వైపు చూస్తున్నాము. ఆమె చూపు అటు పోలేదు. ఒక అంచున, సగము తెగిపోయి, ముంగిట నిలబడిన ఒక స్త్రీ మీద వ్రేలు పెట్టినది.

"అయ్యగారూ, ఈమె మా జేజి. బోర్డింగులో సంగటి కెలికేది. ఫొటోకు రమ్మని ఎవురూ పిలవలా. ఆయమ్మే వచ్చి నిలబడుకొనింది" అన్నది.

"అవ్వా, పేరు చెప్పు, వ్రాసుకొంటాము" అన్నాము.

పేరు చెప్పినది. తరువాత చాలాసేపు పటము మా చేతికి ఇవ్వలేదు. ఆ పేరును ఇంటివారి అనుమతితో పటము వెనుక వ్రాసి, ఒక ప్రతి సంఘములో ఉంచినాము. అంతమంది పిల్లల కడుపు నింపిన మనిషికి ఆ ఫొటోలో అంచున సగము చోటు దొరికినది. ఆ సగము చోటు పక్కన పేరు చేరడానికి మూడు తరములు పట్టినది.

పేరు వ్రాయడములో మన సంఘములకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. జ్ఞానస్నానముల రిజిస్టరు తెరచి చూడండి. తండ్రి పేరు, ఊరు, తేదీ, గురువుగారి సంతకము అన్నీ ఉంటాయి. అందులో దావీదు అని ఉంటుంది. కాని ఊరిలో ఆ మనిషిని దావీదు అని పిలిచినవారు లేరు. ఇంట్లో చిన్నోడు, వీధిలో పుల్లడు. రిజిస్టరు చూచినవానికి పుల్లడు దొరకడు. అవ్వను అడిగినవానికి దావీదు దొరకడు. రెండు పేర్లు ఒకే మనిషివని చెప్పగలిగినవారు కొద్దిమంది పెద్దలు మాత్రమే. కనుక పటము వెనుక వ్రాసేటప్పుడు రెండు పేర్లూ వ్రాయండి. ఇంటిపేరు, ఊరు కూడ చేర్చండి. పిలిచిన పేరు వ్రాయడానికి సిగ్గుపడవద్దు.

మరొక సంగతి. ఫొటో అనేది చాలా కాలము ఉన్నవారి సొత్తు. స్టూడియోకు వెళ్ళి, రంగుల తెర ముందు, కొయ్య కుర్చీ మీద చేయి వేసి నిలబడడానికి డబ్బు కావాలి. మన కుటుంబములలో ఎందరికో బ్రతికి ఉండగా ఒక్క ఫొటో లేదు. శవపేటిక చుట్టూ బంధువులు నిలబడి తీయించుకొన్నదే మొదటిదీ చివరిదీ. 1993లో ఎన్నికల సంఘము ఫొటో గుర్తింపు కార్డులు ప్రవేశపెట్టినది. ఎందరో పేదలకు జీవితములో మొదటి ఫొటో ఆ కార్డు మీదిదే. వారు పోయిన తరువాత ఆ చిన్న ముఖమునే పెద్దది చేయించి, పటము కట్టించి, పూలదండ వేసిన ఇండ్లు మాకు తెలుసు. వెలిసిపోయిన ఆ పటమును ఎవరూ తేలికగా చూడవద్దు. అదియు మన చరిత్రయే.

అయితే పెద్దలు చెప్పినదెల్ల అట్లే వ్రాసుకోవాలా అని యువకులు మమ్ములను అడిగినారు. మంచి ప్రశ్న. జ్ఞాపకము పొరపడుతుంది. ఫొటో కూడ సగమే చెప్తుంది. రెంటినీ ప్రక్క ప్రక్కన పెట్టితే ఒకదానిని ఒకటి దిద్దుతుంది. కొన్ని ఉదాహరణలు చెప్తాము.

స్టేషను ఫొటో ఒకటి ఉన్నదనుకొనండి. పట్టాల మధ్య దూరము చూడండి. మన పాణ్యం మీదుగా పోయే గుంతకల్లు – నంద్యాల మార్గము మొదట మీటరు గేజి. 1990లలో దానిని బ్రాడు గేజిగా మార్చినారు. సన్న పట్టాలు కనబడితే ఆ ఫొటో అంతకు ముందరిది. నల్లమల కనుమలో దొరబావి వంతెన మీద రైలు పోవడము చూచినామని పెద్దలు చెప్తే అది కల కాదు. 1880లలో కట్టిన ఆ పాత వంతెన మీద, గేజి మారిన తరువాత రైలు పోవడము మానినది.

బోర్డులు చదవండి. బనగానపల్లె 1948 వరకు నవాబుగారి సంస్థానము. 1953 అక్టోబరు 1 నుండి 1956 అక్టోబరు ఆఖరు వరకు కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని. ప్రభుత్వ కార్యాలయములకు చాలినన్ని భవనములు లేక గుడారములు వేసినారు. ఒక పెద్దాయన "కర్నూలులో గవర్నమెంటు డేరాల్లో ఉండె" అంటే పిల్లలు నవ్వినారు. ఆయన చెప్పినది అక్షరాలా నిజము. నంద్యాల జిల్లా అని బోర్డు ఉంటే ఆ ఫొటో 2022 ఏప్రిల్ 4 తరువాతిదే. పాతదైతే కర్నూలు జిల్లా అని ఉండాలి.

ఇంకొక పెద్దాయన, కె.సి. కాలువలో పడవలు తిరిగేవని తన తాత చెప్పినాడన్నారు. మనము చూచిన కాలువ చేలకు నీళ్ళు ఇచ్చే కాలువ. పడవల మాట నమ్మశక్యము గాలేదు. కాని 1863లో మద్రాసు ఇరిగేషను కంపెనీ ఆ కాలువ పని మొదలుపెట్టినప్పుడు సేద్యముతో పాటు పడవల రాకపోకలను కూడ ఉద్దేశించినది. కంపెనీకి నష్టము వచ్చి 1882లో ప్రభుత్వము దానిని కొనవలసి వచ్చినది. తాత మాట ఆధారము లేనిది కాదు.

ముఖములు కూడ చదవండి. "ఆ కాలము వారు నవ్వేవారు కాదా?" అని పిల్లలు అడుగుతారు. గాజు పలక మీద పటము పడడానికి కొన్ని క్షణములు కదలక నిలబడాలి. నవ్వును అంతసేపు పట్టి ఉంచడము కష్టము. అందుకే పెద్దలు బిగుసుకొని ఉంటారు, చంటిబిడ్డ ముఖము చెదరిపోయి ఉంటుంది. వెలుతురు చాలదు గనుక గ్రూపు ఫొటోలన్నీ చెట్టు క్రిందనో, వరండా ముందరనో తీసినారు. తరువాత ఆగ్ఫా క్లిక్ వంటి చిన్న కెమెరాలు ఇండ్లలోకి వచ్చినవి. అప్పటి నుండి మన పటములలో నవ్వులు, గేదెలు, సైకిళ్ళు, పెండ్లి వంటలు కనబడుతున్నవి.

పెద్దలను అడిగేటప్పుడు గొంతు తగ్గించి మాట్లాడే విషయములు కూడ వస్తాయి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘములు చాలావరకు అందులో చేరలేదు. 1975లో చేరినవి. నడుమ ఇరువది ఎనిమిది సంవత్సరములు. ఆ కాలమును గురించి ఒక ఇంట్లో ఒక మాట చెప్తారు, ఎదురింట్లో మరొక మాట చెప్తారు. ఆనాటి ఫొటోలలో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చున్నారు, ఎవరు లేరు అన్నది పెద్దలు ఇట్టే చెప్పగలరు. మేము ఎవరి ప్రక్షమును తీర్చడానికి వెళ్ళలేదు. ఇద్దరు చెప్పినదీ, చెప్పినవారి పేర్లతో, విడివిడిగా వ్రాసినాము. నొప్పి కలిగించే మాట అని ఒకదానిని కొట్టివేస్తే మన పిల్లలకు సగము సంఘమే మిగులుతుంది.

ఇదంతా ఇప్పుడే ఎందుకని అడుగవచ్చును. 2009 అక్టోబరు 2న కర్నూలు పట్టణము వరదలో మునిగినది. నీరు తీసిన తరువాత ఇండ్లలో బట్టలు ఉతుక్కొన్నారు, బియ్యము మళ్ళీ కొనుక్కొన్నారు. బురదలో అంటుకొనిపోయిన ఆల్బములను మాత్రము ఏమి చేయగలరు? అంతకు ముందు శ్రీశైలము ప్రాజెక్టు క్రింద కృష్ణ ఒడ్డున ఊళ్ళకు ఊళ్ళే మునిగినవి. అక్కడి నుండి లేచి వచ్చినవారికి తమ ఇల్లు చూపించుకోవాలంటే మిగిలినది ఫొటో, లేకపోతే మాట. వరద రాని ఇంట్లో చెదలున్నవి, పొగ ఉన్నది. అన్నిటికంటె ముఖ్యముగా, పేరు చెప్పే మనిషికి వయస్సు మీద పడుతున్నది.

విదేశములలో మన పటములు భద్రముగానే ఉన్నవి. ఎస్.పి.జి. వారి పాత పత్రములు ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయములో ఉన్నవి. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము వారు వివిధ మిషనుల పాత ఫొటోలను చేర్చి అందరూ చూడడానికి వీలు కల్పించినారు. సంతోషమే. కాని అంచున నిలబడిన ఆ జేజి పేరు ఆక్స్‌ఫర్డులో దొరకదు. పాణ్యంలో, నంద్యాలలో, ఆళ్ళగడ్డలో మన ఇండ్లలోనే దొరుకుతుంది.

కనుక మేము సంఘమును కోరేవి కొన్ని ఉన్నవి. ఇవి కష్టమైన పనులు కావు.

నెలకు ఒక ఆదివారము ఆరాధన తరువాత, మీ ఇంటిలోని పాత ఫొటో ఒకటి తీసుకొని రండి. ఒక పెద్దవారిని కూడ వెంటబెట్టుకొని రండి. యువకులు అక్కడే సెల్ ఫోనుతో నీడపట్టున ప్రతి తీసి, అసలు ఫొటోను అప్పుడే మీ చేతికి ఇస్తారు. ఎవరి పటమును ఎవరూ ఇంటికి తీసుకొని పోరాదు.

వెనుక వ్రాసేటప్పుడు మెత్తని పెన్సిలు వాడండి. బాల్ పెన్నుతో ఒత్తి వ్రాస్తే అచ్చు ముందువైపు పడుతుంది, సిరా కూడ ఊరుతుంది. అద్దమునకు అంటుకొన్న ఫొటోను పీకవద్దు. అద్దముతోనే ప్రతి తీయవచ్చును. మూడు సంగతులు తప్పక వ్రాయండి: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు. నాలుగవది, ఈ మాట చెప్పినదెవరు. సంవత్సరము తెలియకపోతే "పెద్దమ్మాయి పుట్టిన ఏడు" అని వ్రాసినా చాలు, రిజిస్టరు చూచి లెక్క కట్టవచ్చును. ప్రతులు ఒక్క చోట ఉంచవద్దు. గుడిలో ఒకటి, ఇంట్లో ఒకటి, దూరపు ఊరిలో ఉన్న బిడ్డ దగ్గర ఒకటి ఉండనివ్వండి. ఇంటివారు వద్దన్న పటమును నలుగురిలో చూపవద్దు. దుఃఖము వారిది.

పౌలుగారు రోమా సంఘమునకు వ్రాసిన పత్రిక చివరి అధ్యాయమును మనము తరచుగా దాటవేస్తాము. అంతా పేర్లే గదా అనుకొంటాము. ఇరువది మందికి పైగా పేరు పేరున వందనములు చెప్పినారు. అందులో ప్రయాసపడిన స్త్రీలున్నారు, బానిసలకు పెట్టే పేర్లు గలవారున్నారు. ఆయన చెప్తుండగా పత్రిక వ్రాసిన తెర్తియు కూడ నడుమ తన పేరు చేర్చుకొన్నాడు. ఆ మనుషులలో చాలామందిని గురించి మనకు మరేమియు తెలియదు. అయినా పేరు ఉన్నది గనుక రెండు వేల సంవత్సరముల తరువాత కూడ వారిని తలచుకొంటున్నాము.

రేపు మీరు ఇంటికి వెళ్ళినప్పుడు గోడ మీది పటము ఒకటి దింపి, వెనుకకు త్రిప్పి చూడండి. ఖాళీగా ఉంటే అవ్వ దగ్గరకు పోయి కూర్చోండి. అవ్వ చెప్తుంది. పెన్సిలు మరచిపోవద్దు.